దిద్దకుండా వదిలేసిన తప్పులు: మెంఫిస్ నుంచి నాష్‌విల్ దాకా

బుధవారం: అట్లాంటా నుంచి మెంఫిస్‌కు

మా బాబాయి ఉద్యోగ జీవితమంతా విజయవాడ ఆకాశవాణి రికార్డింగు గదిలోనే గడిచింది. భక్తిరంజని కీర్తనలు, లలిత గీతాలు, నాటకాలు ఎన్నెన్నో ఆయన చేతిలోని టేపు మీదుగా గాలిలోకి వెళ్ళాయి. అమెరికా చూడటానికి వచ్చే పెద్దవాళ్ళు నయాగరా అంటారు, న్యూయార్క్ అంటారు. ఈయన మాత్రం దిగిన మర్నాడే కాఫీ తాగుతూ, "ఇక్కడి నుంచి మెంఫిస్ ఎంత దూరం రా?" అన్నారు.

"ఎల్విస్ ఇల్లు చూస్తారా బాబాయ్?"

"ఇల్లెందుకు? పాడిన గది చూపించు, చాలు."

ఆ మాటతో గ్రేస్‌లాండ్ మా జాబితాలోంచి ఎగిరిపోయింది. వాల్తేరులో చదువుకునే రోజుల్లో హాస్టల్లో రేడియో సిలోన్ వింటూ పట్టిన ఇంగ్లీషు పాటల పిచ్చి ఆయనది. ఆ పిచ్చిలో సగం నాకూ అంటించారు. మా ఇంట్లో బీటిల్స్ కంటే ముందు ఓటిస్ రెడింగ్ పేరు వినబడేది.

పులిహోర, పెరుగన్నం డబ్బాలు సర్దుకుని పొద్దున్నే బయలుదేరాం. బర్మింగ్‌హామ్ దాటి మిసిసిపీలోకి వచ్చాక టుపెలో తగిలింది. ఎల్విస్ ప్రెస్లీ 1935 జనవరి 8న పుట్టిన ఇల్లు అక్కడే ఉంది. రెండే గదుల చెక్క ఇల్లు. వీధి గుమ్మంలో నిలబడితే పెరటి గుమ్మం కనిపిస్తుంది. తండ్రి 180 డాలర్లు అప్పు చేసి కట్టి, ఆ అప్పు తీర్చలేక పోగొట్టుకున్నాడు. బాబాయి లోపలికి వెళ్ళి, ఎంతసేపు పట్టిందో కూడా తెలియనంత త్వరగా బయటికి వచ్చేశారు. "చూశాను. పద" అన్నారు. చీకటి పడే వేళకు మిసిసిపీ నది ఒడ్డున ఉన్నాం.

గురువారం: సన్, స్టాక్స్

యూనియన్ అవెన్యూలో 706వ నెంబరు, సన్ స్టూడియో, ఒక ఎర్ర ఇటుకల మూల భవనం. పక్కన ఫలహారశాల. గోడకు వేలాడే పెద్ద గిటారు బొమ్మ లేకపోతే ఎవరూ ఆగి చూడరు. 1950 జనవరిలో సామ్ ఫిలిప్స్ ఇక్కడ 'మెంఫిస్ రికార్డింగ్ సర్వీస్' పేరిట దుకాణం తెరిచాడు. పెళ్ళిళ్ళు, అంత్యక్రియలు, ఉపన్యాసాలు, ఎవరు డబ్బిస్తే వాళ్ళవి రికార్డు చేసేవాడు. అయితే అతనికి అసలు కావలసినవాళ్ళు వేరు. తెల్లవాళ్ళ కంపెనీలు గుమ్మం తొక్కనివ్వని నల్లజాతి గాయకుల కోసమే అతను ఆ గది పెట్టాడు. హౌలిన్ వుల్ఫ్, బి.బి. కింగ్ మొదటి రోజుల్లో ఇక్కడే పాడారు.

మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళిన అమ్మాయి గదిలో నిలబెట్టి మొదట వినిపించిన పాట 'రాకెట్ 88'. 1951 మార్చిలో ఐక్ టర్నర్ బృందం క్లార్క్స్‌డేల్ నుంచి కారులో వస్తుంటే దారిలో గిటారు ఆంప్లిఫయర్ దెబ్బతింది. లోపల స్పీకరు కోను చిరిగింది. బాగుచేయించే సమయం లేదు. సామ్ ఫిలిప్స్ కాగితాలు నలిపి ఆ చిరుగులో కుక్కాడు. విల్లీ కైజార్ట్ వాయిస్తే గిటారు బొంగురుగా, తేనెటీగల తుట్టె కదిలినట్టు మోగింది. ఫిలిప్స్‌కు ఆ మోత నచ్చి, దాన్ని వెనక్కి నెట్టకుండా ముందుకు తెచ్చాడు. రికార్డు మీద పేరు మాత్రం ఐక్ టర్నర్‌ది పడలేదు. పాడిన జాకీ బ్రెన్‌స్టన్ పేరు పడింది. రాక్ అండ్ రోల్‌కు ఇదే మొదటి రికార్డని చాలామంది అంటారు. దేనికైనా ఫలానాదే మొదటిదని తేల్చడం కష్టం. ఒక చిరిగిన స్పీకరు చరిత్రలోకి ఎక్కిన మొదటి సందర్భాల్లో ఇదొకటని మాత్రం నిస్సందేహంగా చెప్పవచ్చు.

బాబాయికి కథలు సగమే చెవికెక్కుతున్నాయి. ఆయన చూపంతా పైకప్పు మీద ఉంది. అటక మీది దూలాలలా వంపులు తిరిగిన పైకప్పు, దాని నిండా చిల్లుల పలకలు. గుంపు వెనక్కి వెళ్ళి ఒక్కసారి చప్పట్లు కొట్టారు. అందరూ తిరిగి చూశారు. ఆయన సిగ్గుపడలేదు. "గది పొడిగా ఉందిరా. చప్పుడు వెంటనే చచ్చిపోతోంది. మరి రికార్డుల్లో ఆ ప్రతిధ్వని ఎక్కడిది?"

జవాబు ఆయనకు తెలుసు. నాకు చెప్పాలని అడిగిన ప్రశ్న అది. కౌంటరు దగ్గర కోకు తాగుతూ కాగితం రుమాలు మీద బొమ్మ వేశారు. టేపు రికార్డరులో రికార్డు చేసే హెడ్ ఒకటి, చదివి వినిపించే హెడ్ దాని తర్వాత ఇంకొకటి. రెండింటికీ మధ్య కొంచెం దూరం. సామ్ ఫిలిప్స్ దగ్గర రెండు ఆంపెక్స్ యంత్రాలుండేవి. పాటను ఒకదానికి పంపుతూనే రెండో యంత్రంలో కూడా రికార్డు చేసి, దాని రెండో హెడ్ నుంచి వచ్చే శబ్దాన్ని మళ్ళీ మొదటిదానిలో కలిపేవాడు. "టేపు సెకనుకు 15 అంగుళాలు నడుస్తోందనుకో. హెడ్ల మధ్య రెండంగుళాలుంటే ఎంత ఆలస్యం? సెకనులో దాదాపు ఏడో వంతు. అదే ఆ ప్రతిధ్వని. గది పెద్దదేమీ కాదు, రెండంగుళాల టేపు!" ఆర్.సి.ఎ. కంపెనీ 1955 నవంబరులో ఎల్విస్ ఒప్పందాన్ని 35,000 డాలర్లకు కొనుక్కున్నా ఈ కిటుకు మాత్రం వెంట తీసుకెళ్ళలేకపోయింది. 1956 జనవరిలో నాష్‌విల్‌లో 'హార్ట్‌బ్రేక్ హోటల్' రికార్డు చేస్తూ ఆ ప్రతిధ్వని కోసం భవనం నడవాను వాడుకున్నారు. ఆ రికార్డు వింటే నూతిలోంచి పాడుతున్నట్టుంటుంది. అదీ బాగానే ఉందనుకోండి.

ఎల్విస్ మొదటిసారి ఈ గుమ్మం ఎక్కింది 1953 వేసవిలో, నాలుగు డాలర్ల దాకా సొంత డబ్బు చెల్లించి ఒక డిస్కు కోయించుకోవడానికి. మళ్ళీ 1954 జూలై 5న స్కాటీ మూర్ గిటారు, బిల్ బ్లాక్ బాస్ పట్టుకుని రాగా పిలిపించుకున్నారు. ఆ సాయంత్రం పాడిన నెమ్మది పాటలేవీ ఫిలిప్స్‌కు ఎక్కలేదు. విరామంలో ఎల్విస్ సరదాకు ఆర్థర్ క్రూడప్ పాట 'దట్స్ ఆల్ రైట్' ఎత్తుకుని గెంతడం మొదలుపెట్టాడు. మిగతా ఇద్దరూ వేళాకోళంగా జత కలిశారు. కంట్రోల్ గదిలోంచి ఫిలిప్స్ తల బయటపెట్టి, మీరేం చేస్తున్నారో దాన్నే మొదటి నుంచి మళ్ళీ చేయమన్నాడు. ఆ రికార్డులో డ్రమ్ములే లేవు. జానీ క్యాష్ రికార్డుల్లోనూ అంతే. గిటారు తీగల కింద మడిచిన కాగితం దోపితే తీగ మోగకుండా టకటకలాడుతుంది, అదే డ్రమ్ము. 1956లో వచ్చిన 'ఐ వాక్ ద లైన్' వినండి, ఆ కాగితం చప్పుడు స్పష్టంగా తెలుస్తుంది.

మధ్యాహ్నం మెక్‌లెమోర్ అవెన్యూకు వెళ్ళాం. ఇక్కడ 926వ నెంబరులో 'క్యాపిటల్' అనే సినిమా హాలు ఉండేది. బ్యాంకులో పనిచేస్తూ ఫిడేలు వాయించే జిమ్ స్టూవర్ట్, అతని అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్ దాన్ని అద్దెకు తీసుకుని స్టూడియో చేశారు. ఇద్దరి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు కలిపితే స్టాక్స్. కుర్చీలు పీకేశారు గానీ నేల వాలును సరిచేయడానికి డబ్బు లేదు. తెర ఉండే వేదిక మీద కంట్రోల్ గది పెట్టారు. తినుబండారాలమ్మే చోట ఎస్టెల్ రికార్డుల దుకాణం నడిపింది. పేటలోని పిల్లలు ఏ రికార్డు కొంటున్నారో, ఏది విని పెదవి విరిచి వెళ్ళిపోతున్నారో చూసి లోపలివాళ్ళకు చెప్పేది. ఇంతకంటే మంచి మార్కెట్ సర్వే ఏ కంపెనీ చేసి ఉండదు.

కంపెనీ 1975లో దివాలా తీసింది. 1989లో భవనాన్ని కూల్చేశారు. ఇప్పుడున్నది అదే స్థలంలో అదే ఆకారంలో కట్టి 2003లో తెరిచిన మ్యూజియం. లోపల గాయకుడు ఐజాక్ హేస్ బంగారు తాపడాల క్యాడిలాక్ కారు గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. జనమంతా దాని చుట్టూ ఫోన్లెత్తి నిలబడ్డారు. మేం స్టూడియో గదిలోకి నడిచాం. కొత్తగా కట్టినా నేలను వాలుగానే కట్టారు. నడుస్తుంటే మోకాళ్ళకు తెలుస్తుంది.

ఆ వాలు గదిలో 1962లో ఒక ఆదివారం బిల్లీ లీ రైలీ అనే గాయకుడి కోసం వచ్చిన వాద్యకారులు ఆ పని ముందుకు సాగక ఊరికే వాయించుకుంటూ కూర్చున్నారు. ఆర్గన్ ముందున్న బుకర్ టి. జోన్స్‌కు 17 ఏళ్ళు, ఇంకా హైస్కూలు విద్యార్థి. జిమ్ స్టూవర్ట్ మీట నొక్కి రికార్డు చేశాడు. దానికి రెండో వైపు కావాలని ఇంకొకటి వాయించమంటే వాయించినదే 'గ్రీన్ ఆనియన్స్'. పాటే లేదు, మాటే లేదు, ఇవాళ్టికీ అమెరికాలో ఏ టీవీ పెట్టినా ఎక్కడో ఒకచోట వినబడుతుంది. మెంఫిస్ నగరంలో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒకే బల్ల దగ్గర తినలేని రోజుల్లో ఈ గదిలో కలిసి వాయించారు. బుకర్ టి., డ్రమ్ములు వాయించే అల్ జాక్సన్ నల్లవాళ్ళు. గిటారు పట్టిన స్టీవ్ క్రాపర్, తర్వాత బాస్‌కు వచ్చిన డక్ డన్ తెల్లవాళ్ళు. ఓటిస్ రెడింగ్, శామ్ అండ్ డేవ్, ఎడ్డీ ఫ్లాయిడ్, ఎవరు పాడినా వెనకాల ఈ నలుగురే.

బాబాయి ఒక గాజు పెట్టె ముందు ఆగిపోయారు. "మన మద్రాసు స్టూడియోల్లోనూ ఇంతే కదరా. రికార్డు అట్ట మీద సంగీత దర్శకుడి పేరు, గాయకుల పేర్లు. ఆ వయొలిన్లు వాయించిన నలభై మంది ఎవరు? ఆ తబలా ఎవరిది? మా స్టేషనుకు వచ్చేవాళ్ళలో కొందరు పాత సినిమా పాటలకు వాయించినవాళ్ళే. అడిగితే నవ్వి ఊరుకునేవాళ్ళు."

ఇక్కడ నా మనసు పట్టేసిన పాట 'సిట్టింగ్ ఆన్ ద డాక్ ఆఫ్ ద బే'. శాన్ ఫ్రాన్సిస్కో ఎదుట సాసలిటోలో పడవ ఇంట్లో ఉన్నప్పుడు ఓటిస్ రెడింగ్‌కు తోచిన మొదటి వాక్యాలను మెంఫిస్‌లో స్టీవ్ క్రాపర్ కూర్చుని పూర్తి చేయించాడు. 1967 నవంబరులో మొదలుపెట్టి డిసెంబరులో ముగించారు. చివర్లో మామూలుగా ఓటిస్ అప్పటికప్పుడు నాలుగు మాటలు కల్పించి ఊగిపోయేవాడు. ఈసారి ఏమీ తట్టక ఈల వేశాడు. డిసెంబరు 10న విస్కాన్సిన్‌లో అతని విమానం మొనోనా సరస్సులో కూలిపోయింది. అతనికి 26 ఏళ్ళు. వెంట ఉన్న బార్‌కేస్ అనే వాద్య బృందపు కుర్రాళ్ళలో ట్రంపెట్ వాద్యకారుడు బెన్ కాలీ ఒక్కడే ప్రాణాలతో బయటపడ్డాడు. ఆ దుఃఖంలోనే క్రాపర్ కూర్చుని టేపు మిక్సింగ్ చేసి, అలల చప్పుడు, సముద్రపు పక్షుల అరుపులు కలిపాడు. 1968లో ఆ పాట అమెరికా జాబితాలో మొదటి స్థానానికి చేరింది. గాయకుడు పోయాక అక్కడికి చేరిన మొదటి పాట అదే. ఆ ఈల తీసేసి ఉంటే ఏమయ్యేదో ఊహించలేను.

అదే ఏడాది స్టాక్స్‌కు ఇంకో దెబ్బ తగిలింది. పంపిణీదారు అట్లాంటిక్ కంపెనీతో 1965లో చేసుకున్న ఒప్పందాన్ని జిమ్ స్టూవర్ట్ పూర్తిగా చదవకుండా సంతకం పెట్టాడు. అట్లాంటిక్ చేతులు మారినప్పుడు తీరా చూసుకుంటే, పంపిణీ అయిన రికార్డుల మాస్టర్ టేపులు, అంటే అసలు ప్రతులన్నీ అవతలివాళ్ళవే. ఓటిస్ గొంతు కూడా. "బ్యాంకులో పనిచేసినవాడు కాగితం చదవలేదా?" అని బాబాయి కారెక్కేదాకా గొణుగుతూనే ఉన్నారు.

శుక్రవారం: లొరేన్ మోటెల్, ఆపైన అలబామా దారి

పొద్దున లొరేన్ మోటెల్. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపిన చోటు. 306వ గది ముందరి వరండాకు పూలచక్రం తగిలించి ఉంది. ఇప్పుడది పౌరహక్కుల మ్యూజియం. దీని చరిత్ర చాలామందికి తెలుసు. పాటలతో దీనికున్న చుట్టరికం తక్కువమందికి తెలుసు. నల్లవాళ్ళకూ తెల్లవాళ్ళకూ కలిపి గది ఇచ్చే చోట్లు నగరంలో అరుదు కాబట్టి, స్టాక్స్‌కు వచ్చే గాయకులు ఇక్కడే దిగేవారు. విల్సన్ పికెట్, స్టీవ్ క్రాపర్ కలిసి 'ఇన్ ద మిడ్‌నైట్ అవర్' రాసింది ఈ మోటెల్లోనే. ఒక ఉరుముల రాత్రి ఎడ్డీ ఫ్లాయిడ్, క్రాపర్ 'నాక్ ఆన్ వుడ్' రాసిందీ ఇక్కడే. కింగ్ ఆఖరుగా మాట్లాడిన మాటలు కూడా ఒక సంగీతకారుడితోనే. ఆ రాత్రి సభలో ఫలానా భక్తిగీతం బాగా వాయించమని వరండాలోంచి కింద ఉన్న బెన్ బ్రాంచ్‌ను కోరాడు.

మధ్యాహ్నం 72వ నెంబరు రహదారి పట్టుకుని తూర్పుకు తిరిగాం. కోరింత్ దాటాక అలబామా. పత్తి చేలు, పెట్రోలు బంకులు, చర్చిలు, మళ్ళీ చేలు. టెన్నెసీ నది ఒడ్డున ఫ్లోరెన్స్, షెఫీల్డ్, టస్కంబియా, మజిల్ షోల్స్ అని ఒకదానికొకటి ఆనుకుని నాలుగు చిన్న ఊళ్ళున్నాయి. హెలెన్ కెల్లర్ పుట్టింది టస్కంబియాలో. సామ్ ఫిలిప్స్ సొంతూరు ఫ్లోరెన్స్. దక్షిణాది పాటల కథలో ఏ తీగ లాగినా ఈ నదీతీరపు డొంకే కదులుతుంది.

శనివారం: శవపేటికల దుకాణంలో రోలింగ్ స్టోన్స్

పొద్దున ఫేమ్ స్టూడియో. ఫేమ్ అంటే ఇంగ్లీషులో కీర్తి అని కాదు, 'ఫ్లోరెన్స్ అలబామా మ్యూజిక్ ఎంటర్‌ప్రైజెస్' అనే దానికి పొట్టి పేరు. ఫ్లోరెన్స్‌లో ఒక మందుల దుకాణం పైగదిలో మొదలైంది. రిక్ హాల్ అనే మొండి మనిషి భాగస్వాములతో పడక, ఒక్కడే మిగిలి, ఆర్థర్ అలెగ్జాండర్ చేత పాడించిన 'యూ బెటర్ మూవ్ ఆన్' తెచ్చిన డబ్బుతో మజిల్ షోల్స్‌లో ఈ భవనం కట్టాడు. హోటల్లో సామాన్లు మోసే ఉద్యోగంలో ఉన్న అలెగ్జాండర్ పాటను కొన్నేళ్ళకు లండన్‌లో రోలింగ్ స్టోన్స్ రాక్ బృందం వాళ్ళు పాడారు.

నేను ఈ గది చూడాలనుకున్నది ఒక్క రోజు కోసం: 1967 జనవరి 24. గాయని అరీతా ఫ్రాంక్లిన్ కొలంబియా కంపెనీలో ఏళ్ళ తరబడి పాడినా తగిన పేరు రాలేదు. అట్లాంటిక్ తరఫున జెర్రీ వెక్స్‌లర్ ఆమెను ఇక్కడికి తీసుకొచ్చాడు. 'ఐ నెవర్ లవ్‌డ్ ఎ మ్యాన్' పాట చేతిలో ఉంది గానీ నడక దొరకలేదు. వాద్యకారులు కూర్చుని వెతుకుతుంటే స్పూనర్ ఓల్డ్‌హామ్ వుర్లిట్జర్ ఎలక్ట్రిక్ పియానో మీద ఒక మెలిక వాయించాడు. కుంటుతూ నడిచినట్టుండే ఆ అయిదారు స్వరాలతోనే పాట మొదలవుతుంది. ఆ మెలిక దొరకడంతో పాట కుదిరిపోయింది. రాత్రికి అంతా తలకిందులైంది. అరీతా భర్త టెడ్ వైట్‌కూ ట్రంపెట్ వాద్యకారుడికీ మాటా మాటా పెరిగింది. సర్దిచెబుతానని హోటలుకు వెళ్ళిన రిక్ హాల్‌కూ అతనికీ కొట్లాట అయింది. తెల్లారేసరికి అరీతా ఊరు వదిలి వెళ్ళిపోయింది. చేతిలో మిగిలినవి ఒక పూర్తి పాట, ఒక సగం పాట. వెక్స్‌లర్ ఇంకో పాటగాడి రికార్డింగని సాకు చెప్పి ఇక్కడి కుర్రాళ్ళను న్యూయార్క్‌కు రప్పించుకుని మిగతావి పూర్తి చేయించాడు. అందుకే ఫిబ్రవరి 14న న్యూయార్క్‌లో రికార్డయిన 'రెస్పెక్ట్' వెనక కూడా ఈ పల్లెటూరి చేతులే ఉన్నాయి.

ఇక్కడ విల్సన్ పికెట్ పాడిన 'మస్టాంగ్ శాలీ' గురించి ఇంకో కథ చెబుతారు. చక్కగా కుదిరిన రికార్డింగు ముగియగానే టేపు రీలు నుంచి ఊడి ముక్కలై గదిలో ఎగిరిపడిందట. అందరి గుండెలూ జారిపోయాయి. ఇంజనీరు టామ్ డౌడ్ వాళ్ళందర్నీ ఓ అరగంట బయటికి పొమ్మని, ముక్కలు ఏరి వరసగా అతికించి పాటను బతికించాడు. ఈ కథ దగ్గర బాబాయి చేతులు వాటంతటవే కదిలాయి. గైడు అడిగితే చూపించారు కూడా: గాడి ఉన్న అల్యూమినియం దిమ్మ మీద రెండు టేపు కొసలు పరిచి, బ్లేడుతో ఏటవాలుగా కోసి, వెనక వైపు తెల్ల ప్లాస్టరు అంటించి, గోటితో నొక్కి రుద్దడం. నిటారుగా కోస్తే అతుకు దగ్గర టక్కుమంటుంది. ఏటవాలుగా కోస్తే ఒక శబ్దం మెల్లగా జారి ఇంకొకదానిలో కలుస్తుంది. "బ్లేడుకు అయస్కాంతం పట్టకుండా చూసుకోవాలి, లేకపోతే ప్రతి అతుకూ చప్పుడు చేస్తుంది" అన్నారు. కంప్యూటరు ముందు పెరిగిన ఆ గైడు కుర్రాడు నోరు తెరిచి విన్నాడు.

మధ్యాహ్నం షెఫీల్డ్‌లో 3614 జాక్సన్ హైవే. 1969లో జిమ్మీ జాన్సన్, రోజర్ హాకిన్స్, డేవిడ్ హుడ్, బారీ బెకెట్ రిక్ హాల్‌ను వదిలి సొంతంగా పెట్టుకున్న స్టూడియో. అంతకు ముందు శవపేటికల దుకాణం. ఎదురుగా శ్మశానం. రాతి ముఖం, ఎత్తు తక్కువ కప్పు, లోపల గోనెపట్టా వేలాడే గోడలు. తొలి అతిథి షేర్ అనే గాయని, ఆమె ఆ ఆల్బమ్‌కు ఈ చిరునామానే పేరుగా పెట్టుకుంది. అదే ఏడాది డిసెంబరు 2 నుంచి 4 వరకు రోలింగ్ స్టోన్స్ వచ్చి మూడు రాత్రుల్లో మూడు పాటలు ముగించారు: 'యూ గాటా మూవ్', 'బ్రౌన్ షుగర్', 'వైల్డ్ హార్సెస్'. రికార్డు చేసింది గిటారిస్టు జిమ్మీ జాన్సనే. 'వైల్డ్ హార్సెస్'లో పియానో వాయించింది మెంఫిస్ నుంచి వచ్చిన జిమ్ డికిన్సన్. స్టోన్స్ సొంత పియానిస్టు ఇయాన్ స్టూవర్ట్‌కు మైనర్ కార్డులంటే, అంటే విషాదంగా వినిపించే స్వరాల గుత్తులంటే గిట్టదు, అందుకే లేచి వెళ్ళిపోయాడు. స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ ఆ పాట మాటలు పూర్తి చేసింది ఇక్కడి మరుగుదొడ్డిలో కూర్చుని అంటారు. ఆ మరుగుదొడ్డి ఇంకా ఉంది. దాన్ని ఫోటో తీసుకోని యాత్రికుడు లేడు. మేమూ తీసుకున్నాం.

నాకు వీటన్నిటికంటే నచ్చింది గాయకుడు పాల్ సైమన్ సంగతి. స్టేపుల్ సింగర్స్ పాడిన 'ఐ విల్ టేక్ యూ దేర్' విని, వాయించింది జమైకావాళ్ళనుకుని, వాళ్ళే నాకూ కావాలని స్టాక్స్‌కు ఫోను చేశాడు. వాళ్ళు అలబామాలో ఉంటారు, తెల్లవాళ్ళు అని జవాబొచ్చింది. ఒక్క పాట కోసం నాలుగు రోజులు అద్దెకు తీసుకుని వచ్చాడు. ఆ పాట మొదటి రోజే అయిపోయింది. మిగిలిన రోజుల్లో ఏం చేయాలో తోచక సంచిలోంచి ఇంకో పాట తీశాడు. అదే 'కోడాక్రోమ్'.

ఆదివారం: నాష్‌విల్ దారి

లారీలకు ప్రవేశం లేని నాచెజ్ ట్రేస్ దారిలో చెట్ల నీడన మెల్లగా వెళ్ళాం. చెప్పుకోవలసిన విశేషమేమీ లేదు. సాయంత్రం నాష్‌విల్ గణేశ ఆలయంలో దర్శనం. ప్రసాదం వడ్డిస్తున్నాయన బాబాయి యాస విని "కృష్ణా జిల్లానా అండీ?" అని అడిగారు. మెంఫిస్ వెళ్ళొచ్చామంటే "గ్రేస్‌లాండ్ బాగుందా?" అన్నారు. బాబాయి నా వైపు చూసి, "బాగుందండీ" అనేశారు.

సోమవారం: చీకటి గది, చెడిపోయిన ట్రాన్స్‌ఫార్మర్

ఆర్.సి.ఎ. స్టూడియో బి 1957లో కట్టిన కిటికీల్లేని పెట్టె. ఎవర్లీ బ్రదర్స్ 1958లో 'ఆల్ ఐ హావ్ టు డూ ఈజ్ డ్రీమ్', డాలీ పార్టన్ 1973లో 'జోలీన్' ఇక్కడే పాడారు. ఎల్విస్ 200కు పైగా పాటలు ఇక్కడ రికార్డు చేశాడు. బిల్ పోర్టర్ అనే ఇంజనీరు చేతిలో ఈ గది మెరిసింది. 1960లో రాయ్ ఆర్బిసన్ 'ఓన్లీ ద లోన్లీ'కి అతను చేసిన పని చూడండి. అందరూ డ్రమ్ము, బాస్ స్థాయిలు పెట్టుకుని వాటి మీద గొంతులు పేర్చేవాళ్ళు. ఇతను అన్నిటికంటే మెల్లగా వినిపించే కోరస్ గొంతులతో మొదలుపెట్టి, వాటికి లోబడేలా తక్కినవన్నీ అమర్చాడు.

గైడు దీపాలన్నీ ఆర్పేసి 'ఆర్ యూ లోన్‌సమ్ టునైట్' పెట్టాడు. 1960 ఏప్రిల్‌లో తెల్లవారుజామున ఎల్విస్ దీపాలు తీసేయమని చీకట్లోనే పాడిన పాట అది. పాడాక అతనికి నచ్చలేదు, పారేయమన్నాడు. పోర్టర్ తర్వాత చెప్పిన ప్రకారం, చీకట్లో కోరస్‌వాళ్ళు దేన్నో తగలడంతో చివరి భాగం మాత్రం మళ్ళీ పాడించి అతికించారు. చీకట్లో బాబాయి నా మోచేయి పట్టుకున్నారు. పాట ముగియబోతుండగా గట్టిగా నొక్కారు. దీపాలు వెలిగాక, "అతుకు ఎక్కడుందో దొరకలేదురా! మంచి పనివాడు" అన్నారు. ఆయన నోటి నుంచి ఇంతకంటే పెద్ద బిరుదు నేను వినలేదు.

ఊరు విడిచే ముందు పదహారో అవెన్యూలో క్వాన్‌సెట్ హట్ స్టూడియో ఉన్న భవనాన్ని బయటి నుంచే చూశాం. ఓవెన్ బ్రాడ్లీ, అతని తమ్ముడు హెరాల్డ్ నడిపిన గది. కారు ప్రమాదంలో పక్కటెముకలు దెబ్బతిన్న పాట్సీ క్లైన్ 1961లో 'క్రేజీ' పై స్వరాలు అందుకోలేక ఆగిపోయి, నొప్పి తగ్గాక మళ్ళీ వచ్చి పాడింది ఇక్కడే. మార్టీ రాబిన్స్ 'డోంట్ వర్రీ' పాడుతుండగా గ్రాడీ మార్టిన్ బాస్ వాయిస్తున్న ఛానెల్లో ట్రాన్స్‌ఫార్మర్ చెడిపోయిందీ ఇక్కడే. మెత్తని ప్రేమగీతం మధ్యలో ఒక్కసారిగా కందిరీగ రొద. చర్చ జరిగింది, చివరికి దాన్ని అలాగే ఉంచారు. 1961లో పాట పెద్ద హిట్టయింది. తక్కిన గాయకులూ ఆ రొద కావాలని అడగసాగారు. తీరా ఆ ఛానెల్ పూర్తిగా చచ్చిపోయింది. ఇంజనీరు గ్లెన్ స్నాడీ ట్రాన్సిస్టర్లతో ఆ శబ్దాన్ని పుట్టించే చిన్న పెట్టె తయారుచేసి గిబ్సన్ కంపెనీకి ఇచ్చాడు. 1962లో 'మేస్ట్రో ఫజ్ టోన్' పేరుతో అది బజారులోకి వచ్చింది. దాన్ని అడిగినవాడు లేడు.

1965 మేలో కీత్ రిచర్డ్స్ ఆ పెట్టె మీట మీద కాలు పెట్టాడు. స్టోన్స్ పాట 'శాటిస్‌ఫాక్షన్' మొదట్లో వినిపించే ఆ మూడు స్వరాల గరగర అదే. అతని ఉద్దేశంలో అది నమూనా మాత్రమే, ఆ చోట చివరకు ట్రంపెట్లు, శాక్సఫోన్లు రావాలి. తక్కినవాళ్ళు ఒప్పుకోలేదు, గరగరతోనే రికార్డు బయటికొచ్చింది. ఏడాది ముగిసేలోగా దుకాణాల్లో ఆ పెట్టెలన్నీ అమ్ముడుపోయాయి.

చట్టనూగా కొండలు దిగుతూ ఆ పాట పెట్టాను. అయిపోయాక బాబాయి తన ఫోనులోంచి ఇంకొకటి పెట్టారు. అదే పాట, ఓటిస్ రెడింగ్ గొంతు, అదే 1965 జూలైలో స్టాక్స్ వాలు గదిలో రికార్డయింది. పాట అప్పటికింకా కొత్తది. క్రాపర్ పక్కనున్న ఎస్టెల్ దుకాణంలోంచి రికార్డు తెచ్చి వినిపించి, మాటలు రాసిస్తే, ఓటిస్ ఒకసారి చూసి కాగితం పక్కన పడేశాడని చెబుతారు. సగం మాటలు అతనివే. కీత్ రిచర్డ్స్ గిటారు గరగర ఉన్న చోట, అతను మనసులో అనుకున్నట్టే ట్రంపెట్లు, శాక్సఫోన్లు మోగుతున్నాయి.

"ఏది బాగుంది బాబాయ్?"

"నడక ఓటిస్‌ది. అయినా ఆ చెడిపోయిన ట్రాన్స్‌ఫార్మరే నాకు కావాలి. మళ్ళీ మొదటిది పెట్టు."